ఒక్క ఫైలు చెడితే

పాత లాప్‌టాపు 'ఫలానా ఫైలు దొరకలేదు' అని మొరాయించడం వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1990లలో విండోస్ ప్రోగ్రాములు అనేకం ఒకే డీఎల్ఎల్ ఫైలును పంచుకొనేవి. కొత్త ప్రోగ్రాము వస్తూ దానిని మార్చివేస్తే, పాతది పని మానేసేది. ఈ అవస్థకే 'డీఎల్ఎల్ నరకం' అని పేరు.

1998లో విండోస్ 98, చెడిన ఫైళ్ళను వెదికే సాధనాన్ని ఇచ్చింది. విండోస్ 2000, కీలకమైన ఫైళ్ళ నకళ్ళను దాచి, మారినవాటి స్థానంలో తిరిగి పెట్టసాగింది. 2001లో ఎక్స్‌పీ, కొత్త డ్రైవరు సరిపడకుంటే పాతదానికి మళ్ళే వీలు కల్పించింది.

ఆ ఎక్స్‌పీతోనే గౌతమి ఖతి వచ్చింది. అయితే గుణింతాలనూ వత్తులనూ అక్షరాలతో కూర్చినది యూనిస్క్రైబ్ అనే డీఎల్ఎల్ ఫైలే. అది లోపిస్తే, ఖతి ఉన్నా తెలుగు ముక్కలయ్యేది.

కనుక పాత లాప్‌టాపును పారవేసే ముందు, చెడినది యంత్రమో, ఒక్క ఫైలో తేల్చుకోవడం వివేకం.