మంత్రాలయంలో ఏకాదశి: ఉపవాస దినాన సాగిన చదువు

తుంగభద్ర దక్షిణపు ఒడ్డున మంచాల అనే చిన్న గ్రామంగా ఉండి, 1671లో మాధ్వ యతి రాఘవేంద్రతీర్థులు బృందావన ప్రవేశం, అంటే సజీవ సమాధి, పొందిన తరువాత మధ్వాచార్యుల అనుయాయులైన మాధ్వుల ముఖ్య క్షేత్రంగా ఎదిగిన మంత్రాలయంలో, పక్షానికి ఒకసారి వచ్చే ఏకాదశి నాడు దినచర్య పూర్తిగా మారిపోతుంది. మధ్వాచార్యులు 13వ శతాబ్దంలో ‘కృష్ణామృతమహార్ణవం’లో నొక్కి చెప్పిన ఈ వ్రతంలో అన్నం నిషిద్ధం, నిష్ఠ గలవారు మంచినీరు కూడా ముట్టరు; అలాంటి ఉపవాసాన్ని నిర్జలోపవాసం అంటారు. అయితే సత్తువ సన్నగిల్లే ఆ రోజునే శ్రవణం, అంటే శాస్త్రాన్ని పెద్దల నోట వినడం, పారాయణం, రాత్రి జాగరణ కూడా జరగాలి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు మనస్సును పనిలో నిలపడం ఎలా అన్న ప్రశ్నకు ఈ సంప్రదాయం ఇచ్చిన జవాబు వ్రతవిధిలోనే ఇమిడి ఉంది.

ఆ విధి ఒక్కరోజుది కాదు, మూడు రోజులది. దశమి నాడు ఒక్కపొద్దు, అంటే ఒంటిపూట భోజనం; ఏకాదశి నాడు ఉపవాసం; ద్వాదశి ఉదయాన్నే పారణ, అంటే భోజనంతో వ్రతాన్ని ముగించడం. ద్వాదశి తిథి త్వరగా ముగిసిపోయే రోజుల్లో చీకటి ఉండగానే స్నానం చేసి, మడి కట్టుకొని వంటకు దిగవలసి వస్తుంది. ఏకాదశి నాడు పగటినిద్ర, తాంబూలం వ్రతభంగకరాలు. వంటపని, పంక్తిభోజనాలు తప్పినందువల్ల మిగిలిన సమయం వినడానికీ చదవడానికీ దక్కుతుంది. వేదపాఠశాలల్లో పాఠం చెప్పరాని అనధ్యయన దినాలుగా పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్యలను పాటించారే గాని ఏకాదశిని వాటిలో చేర్చలేదన్నది గమనార్హం. ఇక రాత్రివేళ ఒంటరిగా గ్రంథం ముందు కూర్చున్నవానికి కునుకు రావడం సహజం. పదిమంది కూడి తాళాలతో, చిడతలతో హరిదాసుల పదాలు పాడుతున్నప్పుడు మాత్రం ఒకరి గొంతు సడలితే మరొకరు అందుకుంటారు. జాగరణను ఒంటరి సాధనగా గాక సామూహిక భజనగా నిలబెట్టుకోవడంలో ఎంతో లోకానుభవం కనిపిస్తుంది.

రాఘవేంద్రుల పూర్వాశ్రమ, అంటే సన్యాసానికి ముందటి, కథ మరొక రకం ఉపవాసాన్ని చూపుతుంది. వేంకటనాథుడనే పేరుతో ఆయన భార్య సరస్వతితో గడిపిన గృహస్థ జీవితం కటిక దారిద్ర్యంలో సాగిందనీ, పస్తులు తప్పలేదనీ సంప్రదాయం చెబుతుంది. కుంభకోణంలో సుధీంద్రతీర్థుల వద్ద చదివే కాలంలో, తోటి విద్యార్థులు నిద్రించాక ఎండుటాకుల మంట వెలుగులో జయతీర్థుల ‘న్యాయసుధ’కు తాటాకులపై వ్యాఖ్య రాస్తూ ఆయన అలాగే నిద్రలోకి జారుకోగా, ఆ ఆకులు చదివిన గురువు తన శాలువను శిష్యునికి కప్పి వెళ్ళారని మఠంలో చెప్పుకుంటారు. ‘పరిమళం’ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన వ్యాఖ్య అదే. ఈ కథ అలసటను దాచిపెట్టదు. అందులో శిష్యుడు నిద్రకు లొంగిపోతాడు, గురువు అతణ్ణి లేపడు. వ్రతంగా ఎంచుకున్న ఆకలినీ, పేదరికం తెచ్చిన ఆకలినీ ఒకే గాటన కట్టకూడదన్నది కూడా ఇక్కడ మరువరాదు.

శరీరపు హద్దును ధర్మశాస్త్రాలూ గుర్తించాయి. 8 ఏళ్ళు దాటి 80 నిండని వారికే ఈ నియమం వర్తిస్తుందనీ, నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధం అనే 8 కారణాలవల్ల వ్రతం చెడదనీ చెప్పాయి. ఆరోగ్యవంతుని కాలేయంలో నిలువ ఉన్న చక్కెర దాదాపు ఒక రోజు మెదడును పోషించగలదు గాని, నీటి కొరతను దేహం అంత తేలికగా ఓర్చుకోలేదు. కర్నూలు సీమ వేసవిలో ఈ సడలింపుల విలువ మరీ ఎక్కువ.

ఈ వ్రతం గ్రంథంతో పనిచేసేవారి నడుమ పెరిగినదన్నది కూడా దాని చరిత్రలో భాగమే. ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు మఠంలో మాధ్వులు ఉపవసించి తప్తముద్రలు, అంటే కాల్చిన శంఖచక్ర ముద్రలు, వేయించుకుంటారు. తెలుగునాట రైతుల ఇళ్ళలో మాత్రం అదే రోజు తొలి ఏకాదశి. జొన్నపేలాలు విసిరి, బెల్లం కలిపిన పేలాల పిండిని ఇంటిల్లిపాదీ తింటారు, ఎందుకంటే వానలు పడ్డాక చేలో వంగి చేసే పని ముందుంటుంది.