కెమెరాలు ఆలస్యంగా వచ్చిన దేశం



ఈ వారం ఆఫ్రికాలోని రువాండాను జ్ఞాపకం చేసుకుందాం. 1994 ఏప్రిల్ 7న అక్కడ టుట్సీల ఊచకోత మొదలైంది. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మందిని చంపారు. హుటూలలో ఈ హత్యలకు ఒప్పుకోనివారిని కూడా విడిచిపెట్టలేదు.

ఆ రోజుల్లో విదేశీ విలేకరులలో చాలామంది దక్షిణాఫ్రికాలో, మండేలా ఎన్నికల దగ్గర ఉన్నారు. ఏప్రిల్ 21న ఐక్యరాజ్యసమితి రువాండాలోని తన సైన్యాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. రాజధాని కిగాలిలో నిక్ హ్యూస్ అనే కెమెరామన్ ఒక మేడ మీదనుండి, వీధిలో మనుషులను చంపుతుండగా చిత్రీకరించాడు. హత్య జరుగుతుండగా తీసిన దృశ్యాలు అలాంటివి బహు కొద్ది. బీబీసీ విలేకరి ఫెర్గల్ కీన్ న్యారుబుయే చర్చికి చేరేసరికి వారాలు గడిచిపోయాయి. ఆశ్రయం కోసం మందిరానికి పరుగెత్తినవారి శవాలు ఇంకా ఆవరణలోనే పడి ఉన్నాయి.

జూలైలో ఊచకోత జరిపించిన ప్రభుత్వం ఓడిపోయింది. లక్షలాది హుటూలు సరిహద్దు దాటి జైరేలోని గోమాకు పారిపోయారు. కలరా సోకి అక్కడ వేలమంది చనిపోయారు. అప్పుడు కెమెరాలు వచ్చాయి. లోకం చలించి ఆహారం, మందులు పంపింది. అది మంచి పనే. దాహంతో ఉన్న బిడ్డకు నీళ్లిచ్చేముందు ఏ జాతి అని అడగకూడదు. అయితే ఆ శిబిరాలలో పెత్తనం ఊచకోత నడిపినవారిదే. పంచిన ఆహారంలో చాలాభాగం వారి చేతులమీదుగానే పోయింది. తెరమీద కన్నీళ్లు కనబడ్డాయి గాని, వెనుక రువాండాలో పూడ్చని శవాల సంగతి అంతగా కనబడలేదు.

ప్రియులారా, ఇంకొక సంగతి మనలను మరింత బాధపెట్టాలి. రువాండా ప్రజలలో అత్యధికులు క్రైస్తవులే. న్యాంగేలో తన చర్చిలో తలదాచుకున్నవారిమీద ఆ చర్చినే బుల్డోజర్‌తో కూలగొట్టించినందుకు సెరోంబా అనే ఫాదర్‌కు 2008లో అంతర్జాతీయ న్యాయస్థానం యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. కాపరులమైన మేము ఆ పేరు మరచిపోకూడదు.

కత్తి లేవకముందే అక్కడి రేడియో టుట్సీలను బొద్దింకలని పిలిచింది. ఆ మాట ఇళ్లలో, వీధులలో అలవాటైపోయింది. కయీనును దేవుడు తమ్ముని గురించి అడిగాడు, మనలనూ అడుగుతాడు. శరణార్థుల చిత్రం చూసినప్పుడు సహాయం చేద్దాం, వారు ఎందుకు పారిపోయారో కూడా తెలుసుకుందాం. మన ఊరిలోనే ఎవరైనా సాటి మనిషిని పురుగుతో పోలిస్తే, మనవాడే కదా అని ఊరుకోకుండా అక్కడే ఆపుదాం. ఆ మాట పుట్టే చోటికి కెమెరా రాదు. మనం ఉంటాం.