కలకత్తా తవ్విన దారి

అక్టోబర్ 24 మన దేశంలో తొలి మెట్రో రైలు కదిలిన రోజు. 1984లో అదే రోజున కలకత్తాలో ఎస్‌ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా నడిచిందది. 3.4 కిలోమీటర్లు, ఐదు స్టేషన్లు. మెట్రో అనగానే ఇవాళ అందరి నోటా ఢిల్లీ పేరే వస్తుంది. దానికంటే ముందు తలుచుకోవాల్సిన ఊరు కలకత్తా.

పట్నాల్లో పట్టాల కథ నిజానికి ఇంకా పాతది. 1873లో సియాల్దా నుంచి ఆర్మేనియన్ ఘాట్‌కు గుర్రాలు లాగే ట్రాము వేశారు. జనం ఎక్కక అదే ఏడాది ఆపేసి, 1880లో మళ్లీ మొదలుపెట్టారు. మద్రాసులో 1895లో కరెంటు ట్రాములు వచ్చాయి. 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు కరెంటు రైలు నడిచింది. 1931లో మద్రాసు బీచ్ నుంచి తాంబరానికి అలాంటిదే వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు, ఢిల్లీ, బొంబాయి ఒకదాని వెంట ఒకటి ట్రాములను వదిలించుకున్నాయి. బస్సులున్నాయి కదా అన్నారు.

ఇవన్నీ నేల మీది రైళ్లు. నేల కింద రైలు నడపాలన్న ఊహ మాత్రం 1921 నాటికే కలకత్తాకు వచ్చేసింది. లండన్ భూగర్భ రైలు మార్గాలు కట్టిన ఇంజినీరు హార్లీ డాల్‌రింపుల్-హే, హుగ్లీ నది కింద నుంచి హౌరా వైపు సొరంగ రైలు వేయొచ్చని ప్రణాళిక ఇచ్చాడు. అంత డబ్బు పెట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి 1931లో ఆయన చేతుల మీదుగా నది కింద ఒక సొరంగం తయారైంది గానీ, అది కరెంటు కేబుళ్ల కోసం. స్వాతంత్ర్యం వచ్చాక ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఫ్రెంచి నిపుణులను పిలిపించి సర్వే చేయించారు. అదీ కాగితం దాటలేదు.

ఈలోగా దేశ విభజనతో శరణార్థులు లక్షలుగా వచ్చిపడ్డారు. నగరంలో రోడ్లకు దక్కిన నేల మొత్తం విస్తీర్ణంలో 4 శాతం పైచిలుకే. ట్రాము, బస్సు, రిక్షా, లారీ, నడిచే మనిషి అంతా అందులోనే సర్దుకోవాలి. 1969లో రైల్వే శాఖ ప్రత్యేక విభాగం పెట్టింది. సోవియట్, తూర్పు జర్మనీ నిపుణుల సాయంతో 1971లో ఐదు మార్గాలకు, దాదాపు 97 కిలోమీటర్లకు ప్రణాళిక సిద్ధమైంది. ముందుగా డమ్‌డమ్ నుంచి టాలీగంజ్ దాకా 16.45 కిలోమీటర్లు కట్టాలన్నారు. 1972 డిసెంబర్ 29న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు.

ఇక్కడి నుంచి జరిగిందే నాకు ఈ చరిత్రంతటిలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. సొరంగం తొలిచే భారీ యంత్రాలు అప్పుడు మన దగ్గర లేవు. అందుకే మార్గంలో చాలా భాగాన్ని పైనుంచి గొయ్యి తవ్వి, లోపల పెట్టెలాంటి కట్టడం కట్టి, మళ్లీ మట్టి కప్పే పద్ధతిలో చేపట్టారు. చెప్పినంత తేలిక కాదది. కలకత్తా నేల గంగ తెచ్చి పోసిన మెత్తటి ఒండ్రు, కొద్దిగా తవ్వితే నీళ్లు. గొయ్యి కూలకుండా ముందు రెండు అంచుల్లో సన్నటి లోతైన కందకాలు తవ్వేవారు. తవ్వుతున్నంతసేపూ అందులో బెంటొనైట్ బంకమట్టి కలిపిన చిక్కటి నీళ్లు నింపి ఉంచేవారు. ఆ నీళ్ల ఒత్తిడే మట్టిని ఆపుతుంది. తర్వాత ఇనుప చట్రాన్ని కందకంలోకి దించి, గొట్టంతో అడుగు నుంచి కాంక్రీటు పోస్తూ వస్తే, బంకమట్టి నీళ్లు పైకి తేలి బయటికొస్తాయి. అలా రెండు పక్కలా గోడలు లేచాకే మధ్యలో మట్టి తీయడం. దానికి ముందే పాతకాలపు ఇటుక మురుగు కాలువలు, మంచినీటి గొట్టాలు, గ్యాసు పైపులు, టెలిఫోను తీగలు, ట్రాము పట్టాలు పక్కకు జరపాలి. ఊరు పనిచేస్తూ ఉండగానే దాని పేగులు తీసి సర్దినట్టు.

బెల్గాచియా, శ్యాంబజార్‌ల మధ్య ఆ పద్ధతి కుదరలేదు. పైన రైల్వే యార్డు, కాలువ ఉన్నాయి. అక్కడ మాత్రం షీల్డు పెట్టి, లోపల గాలి ఒత్తిడి పెంచి, నీళ్లు చొరబడకుండా సొరంగం తొలిచారు. ఆ ఒత్తిడిలో పనిచేసే కూలీ లోపలికి వెళ్లాలన్నా బయటికి రావాలన్నా మధ్యలో గాలి అరలో ఆగాలి. ఒత్తిడి మెల్లగా మారితేనే ఒంటికి ప్రమాదం ఉండదు.

ఏళ్ల తరబడి చౌరంగీ వంటి పెద్ద రోడ్లు గోతులమయమయ్యాయి. నిధులు చాలినన్ని రాక పనులు నత్తనడక నడిచాయి. 1978లో వరదలు నగరాన్ని ముంచెత్తాయి. దుకాణం ముందే గొయ్యి ఉంటే గిరాకీ ఎక్కడి నుంచి వస్తుంది? అయినా ఆ ఊరు ఓర్చుకుంది. డమ్‌డమ్ నుంచి టాలీగంజ్‌కు మార్గం పూర్తయ్యేసరికి 1995 సెప్టెంబర్ 27 వచ్చింది. శంకుస్థాపన నుంచి దాదాపు 23 ఏళ్లు.

ఆ ఓర్పు వృథా పోలేదు. 1970ల మొదట్లో కలకత్తా మెట్రో ప్రణాళిక పనుల్లో ఉన్న ఒక ఇంజినీరు పేరు ఇ.శ్రీధరన్. 2002 డిసెంబర్ 24న ఢిల్లీలో షాదరా, తీస్ హజారీల మధ్య మెట్రోను పట్టాలెక్కించింది ఆయన సారథ్యంలోని సంస్థే. నిధులు, నిర్ణయాధికారం ఒకే చోట ఉండకపోతే ఏమవుతుందో కలకత్తా అప్పటికే చూపించింది.

ఆ తర్వాత కథ నాలుగు దిక్కులా పాకింది. 2011లో బెంగళూరు, 2017లో కొచ్చి... 2025 నాటికి దేశంలో మెట్రో మార్గం 1,000 కిలోమీటర్లు దాటింది. కలకత్తాలో డాల్‌రింపుల్-హే కల 2024 మార్చిలో నిజమై, హుగ్లీ కింద నుంచి జనం హౌరా వెళుతున్నారు. అదే మార్గం కోసం తవ్వుతుండగా 2019లో బౌబజార్‌లో సొరంగంలోకి భూగర్భ జలం చొరబడి పాత ఇళ్లు కూలాయి. అంత కొత్త యంత్రానికీ ఆ నేల లొంగలేదు.

మన హైదరాబాద్‌ది మరో దారి. 2003లో పాత రైలు పట్టాల మీదే ఎంఎంటీఎస్ వచ్చింది. మెట్రో కాంట్రాక్టు మొదట దక్కించుకున్న సంస్థ తప్పుకోవడంతో మళ్లీ టెండర్లు పిలిచారు. 2017 నవంబర్‌లో నాగోల్ నుంచి మియాపూర్ దాకా రైలు నడిచింది. 2020 ఫిబ్రవరికి మొత్తం 69 కిలోమీటర్లయింది. విజయవాడ, విశాఖ మెట్రోల సాధ్యాసాధ్యాలు చూడాలని 2014 విభజన చట్టంలోనే రాశారు. ఆ ఊళ్లలో ఇంతవరకూ ఒక్క మెట్రో రైలూ తిరగలేదు.

ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మార్గం మాత్రం హైదరాబాద్ తొలి ప్రణాళికలో ఉండి కూడా ఆగిపోయింది. దానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. రోడ్డు వెడల్పు కోసం పాతబస్తీలో ఇళ్లూ దుకాణాలూ తీయాల్సి వస్తోంది. ఆ దుకాణదారులకు పరిహారం పని మొదలయ్యే ముందే చేతికందాలి. తవ్విన ప్రతి గొయ్యికీ పూడ్చే తేదీ కూడా ముందే చెప్పాలి. కలకత్తా దుకాణదారులు పడ్డ పాట్లు తెలిసి కూడా వీళ్లను అలాగే వదిలేయడం అన్యాయం.