కడ్డీ ఉన్న సైకిలు, కడ్డీ లేని సైకిలు

సైకిలు కొందామని రాయలసీమలోని మా తనకల్లు నుంచి కదిరికో మదనపల్లెకో పోయినవాళ్లను అంగడాయన మొదట అడిగేది ఒకటే: లేడీసా, జెంట్సా? తొక్కేవాళ్ల ఎత్తెంత, క్యారియర్ మీద ఏం కడతారు అన్నవి ఆ తర్వాతి మాటలు. సీటు కింది నుంచి హ్యాండిల్ దాకా అడ్డంగా పోయే ఇనుప గొట్టం ఉంటే మగ సైకిలు, లేకుంటే ఆడ సైకిలు. ఈ తేడా పుట్టి రెండు వందల ఏళ్లు దాటింది. దాన్ని పుట్టించింది ఒంటి తీరు కాదు, కట్టుకున్న బట్ట.

1817లో జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన రెండు చక్రాల బండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. రెండేళ్లకే, 1819లో, లండన్‌లో బండ్లు చేసే డెనిస్ జాన్సన్ పొడవాటి గౌన్లు వేసుకునే ఆడవాళ్ల కోసం నడిమి దూలాన్ని బాగా కిందికి వంచి ఇంకో రకం తయారుచేశాడు. పెడళ్ల సైకిలు జనంలోకి రావడానికి నాలుగు దశాబ్దాల ముందే లేడీస్ బండి ఉందన్నమాట. తర్వాత వచ్చిన ఎత్తు చక్రం సైకిళ్లు గౌను వేసుకున్నవాళ్లకు దాదాపు అందనే లేదు. 1885లో కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన ‘రోవర్’తో చైను వెనక చక్రాన్ని తిప్పే నేటి సైకిలు రూపం కుదిరింది. 1888లో డన్లప్ గాలి టైరు వచ్చింది. ఆ దశకం ముగిసేలోగా కడ్డీ లేని ఫ్రేము, చైనుకు నిండు కవరు, వెనక చక్రానికి బట్ట చిక్కకుండా వల, అన్నీ ఆడవాళ్ల సైకిలుకు చేరాయి.

కడ్డీ తీసేస్తే ఊరికే పోదు. సైకిలు బలమంతా గొట్టాల త్రికోణంలో ఉంది. పై గొట్టం తీసేస్తే బరువు పడినప్పుడు ఫ్రేము మెలి తిరుగుతుంది. అందుకే కింది గొట్టానికి తోడుగా మరొకటి పెట్టాలి, లేదా ఉన్నదాన్నే మందం చేయాలి. అంతే బలానికి ఎక్కువ ఇనుము పడుతుంది. ఆ నష్టాన్ని గౌను కోసం భరించారు. నెదర్లాండ్స్‌లో పొడుగు అంగీలు తొడిగే క్రైస్తవ గురువులకు కూడా కడ్డీ దించిన సైకిళ్లు చేశారు. సమస్య గుడ్డదేనని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన రైతు కట్టింది పంచె. అతనికీ కడ్డీ అడ్డమే. అయినా అతని కోసం ఎవరూ ఫ్రేము మార్చలేదు. పంచె ఎగగట్టి, ఒక కాలు పెడల్ మీద పెట్టి, రెండో కాలితో నేలను తన్ని, వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడం అతనే నేర్చుకున్నాడు. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాక పల్లెల్లో నిండిపోయింది నల్లటి జెంట్స్ సైకిలే, 22 సైజో 24 సైజో. కరువు సీమలో అది వాహనం కన్నా ముందు బరువు మోసే సాధనం. చెనక్కాయల మూట, పాల క్యాను, క్యారియర్‌కు రెండు పక్కలా నీళ్ల బిందెలు. ఎత్తు చాలని మగపిల్లలు కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చారు. ఆడవాళ్లు మాత్రం అవే బిందెలు నెత్తిన పెట్టుకుని నడిచారు. నాకు బాధ కలిగించేది ఇదే: సైకిలు ఇంట్లోనే ఉండేది, నీళ్లు తెచ్చే మనిషికే అది అందేది కాదు.

ఈ కథ తమిళనాడులోని పుదుక్కోట్టైలో మలుపు తిరిగింది. 1991 తర్వాత అక్కడి అక్షరాస్యతా ఉద్యమం, కలెక్టర్ షీలా రాణీ చుంకత్ పూనికతో, ఆడవాళ్లకు సైకిలు నేర్పడాన్ని తన పనిగా పెట్టుకుంది. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాశారు. లేడీస్ సైకిళ్లకు గిరాకీ పెరిగి సరుకు చాలకపోతే వాళ్లు ఆగలేదు, జెంట్స్ సైకిళ్లు తీసుకున్నారు. కొందరైతే వాటినే ఇష్టపడ్డారు, కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. ఆడవాళ్లకు అడ్డమని తీసేసిన కడ్డీకి ఆడవాళ్లే పని కనిపెట్టారు. సైకిలు చరిత్రలో ఇంత తెలివైన ఎంపిక నాకు మరొకటి కనిపించదు.

ఆ తర్వాత ప్రభుత్వాలు కదిలాయి. 2006లో బిహార్ ఆడపిల్లల సైకిలు పథకం పెట్టింది. దానివల్ల హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు మూడో వంతు పెరిగిందని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ లెక్కగట్టారు. తనకల్లుకు దగ్గర్లోనే ఉన్న కర్ణాటకలో 2006-07 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు వచ్చాయి. ఊరి నుంచి రోడ్డు దాకా మట్టిబాట నడిచి, అక్కడ బస్సు కోసం కాచుకునే పిల్లకు అది చిన్న సాయం కాదు. ఆడపిల్లలకు కడ్డీ లేని సైకిలే ఇవ్వడం ఆనవాయితీ అయింది. పంజాబీ డ్రస్సు వేసుకునే అమ్మాయికి కడ్డీ పెద్ద అడ్డం కాదు. అయినా ఎక్కడం దిగడం సుళువు కాబట్టి ఆ సైకిలు ఇంట్లో అవ్వకూ తాతకూ కూడా పనికొస్తుంది.

బట్ట సంగతి అలా ఉంచి ఒంటి కొలతల మాటకొస్తే, అమెరికాలో 1985లో జార్జీనా టెర్రీ పొట్టి ఆడవాళ్ల కొలతలకు ప్రత్యేకంగా సైకిళ్లు చేయడం మొదలుపెట్టింది. ఇటీవల స్పెషలైజ్డ్ లాంటి పెద్ద కంపెనీలు వేలమంది కొలతలు పోల్చి చూసి, ఆడ మగ తేడా కన్నా మనిషికీ మనిషికీ తేడానే ఎక్కువని ప్రత్యేక ఫ్రేములు మానుకున్నాయి. సగటున ఆడవాళ్లకు సీటు కాస్త వెడల్పుగా కావాలి. దాన్ని విడిగా మార్చుకోవచ్చు.

కాబట్టి అంగట్లో అడగాల్సింది వేరే. కడ్డీ ఉన్నదైతే దాని మీదుగా నిలబడండి: రెండు పాదాలూ నేలకు ఆని, కడ్డీకీ ఒంటికీ మధ్య రెండు వేళ్ల సందు మిగలాలి. సీటు మీద కూర్చుని కింది పెడల్‌పై మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. మూటలు మోసేదుంటే కడ్డీ ఉన్నదే మేలు. చీరతోనో, మోకాళ్ల నొప్పితోనో, దిగుతూ ఎక్కుతూ పోయే పనికైతే లేనిది తీసుకోండి, మగవాళ్లయినా సరే.