ఆర్కాటు మక్కన్ పేడా: నవాబు వంటశాలయా, అంగడి పొయ్యియా?

వేలూరి నుండి తూర్పుగా చెన్నపట్టణపు బాట పట్టి, సత్తువాచారిలోని కలెక్టరు కచ్చేరిని దాటి పోవు బాటసారికి, మిఠాయి దుకాణముల అద్దాల బీరువాలలో, పాకమున సగము మునిగి, అడుగున చదునై, పైన ఉబ్బి, ముదురు గోధుమవన్నెతో మెఱయు పదార్థ మొకటి కనబడుచుండును. తెలియనివారు దానిని గులాబ్ జామూన్ అని తలచి కొనుక్కొని, నోట వేసికొనిన తరువాత జీడిపప్పును సారపప్పును పంటికి తగులగా విస్మితులగుదురు. ఇదియే మక్కన్ పేడా. పాలారు దక్షిణపు టొడ్డున, వేలూరికి సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్న ఆర్కాటు దీని స్వస్థలము. తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. 1911లో చిత్తూరు జిల్లా వేఱుపడు వఱకు ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. ఆ యేటనే కచ్చేరులు వేలూరికి తరలినవి. నేటికిని గుడియాత్తము మొదలు వేలూరు వఱకు తెలుగు మాటాడు కుటుంబము లెన్నియో కలవు. క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రికి వచ్చిపోవు రాయలసీమవారి సంగతి చెప్పనే యక్కఱలేదు.

దీని తయారీ చెప్పుట సులభము, చేయుట కష్టము. పచ్చికోవాను అరచేతితో పలుకు లేకుండ మెదిపి, అందు మైదాపిండియు, కొంచెము నెయ్యియు, చిటికెడు వంటసోడాయు, కొందఱి చేతిలో నొక గరిటెడు పెరుగును చేర్చి ముద్ద చేయుదురు. చపాతీ పిండిని పిసికినట్లు దీనిని పిసుకరాదు. పిసికినచో మైదాలోని జిగురు సాగి పేడా గట్టిపడును. వ్రేళ్లతో కలిపియు కలుపనట్లు కూర్చి, తడిగుడ్డ కప్పి, కొంతసేపు విడువవలెను. జీడిపప్పు, బాదము, పిస్తా, సారపప్పు, దోసగింజలు, కిస్మిస్ అన్నిటిని సన్నగా తఱిగి ఏలకుల పొడితో కలిపిన పూర్ణమును, నిమ్మకాయంత ఉండలో గుంట చేసి పెట్టి, అంచులు మూసి, మెల్లగా అదుముదురు. పిదప నెయ్యి గాని నూనె గాని నిండుగ పోసిన మూకుడులో, సెగ మిక్కిలి తగ్గించి, ఉండలు అడుగు నుండి తమంత తాము తేలు వఱకు ఓర్పు వహింపవలెను. సెగ హెచ్చినచో పైభాగము నల్లబడి లోని పిండి పచ్చిగా మిగులును; మఱీ తగ్గినచో నెయ్యి త్రాగి విచ్చిపోవును. పాకము విషయమునను అంతే జాగ్రత్త కావలెను: తీగపాకమైనచో లోనికి దిగదు, మఱీ పలుచనైనచో పేడా నాని చెదరును. తీపి పూర్ణము వఱకు చేరవలెను, పప్పుల కరకర చావరాదు. వంటవాని నేర్పంతయు ఈ రెంటి నడుమనే కలదు. నూనెలో వేయించినదానిని నేతిలో వేయించినదని నమ్మించు దుకాణములు కూడ లేకపోలేదు. వాసన చూచి కొనుట ఉత్తమము.

ఇక పుట్టుక. కర్ణాటక నవాబులు తమ విందులకు వచ్చిన అతిథుల మెప్పు కొఱకు దీనిని సృష్టింపజేసిరనియు, ఇది సుమారు రెండువందల యేండ్ల నాటి మాటయనియు లోకమున చెప్పుకొందురు. ఈ కథలో నవాబును నమ్మినచో రెండువందల యేండ్లను విడువవలెను, రెండువందల యేండ్లను నమ్మినచో నవాబును విడువవలెను. రెంటిని ఒక్క ఒరలో ఇముడ్చుట చరిత్రకు సాధ్యము కాదు. పదునెనిమిదవ శతాబ్దపు తొలినాళ్లలో నవాబు సాదతుల్లాఖాను కాలమున ఆర్కాటు రాజధానిగా వెలిగినది. 1751లో ఆంగ్లేయ సేనాని రాబర్టు క్లైవు ఆ కోటను పట్టి ముట్టడికి తట్టుకొనెను. ఆ కోటగోడలలో నేటికి మిగిలినది పాలారు గట్టున నున్న ఢిల్లీ దర్వాజా. తరువాత నవాబు మహమ్మదాలీ వాలాజా చెన్నపట్టణమున చేపాకు సౌధమును కట్టించుకొని, 1768 ప్రాంతమున అచ్చటికి తరలిపోయెను. 1801లో కుంపెనీవారు పరిపాలన నంతటిని తమ వశము చేసికొనిరి. 1855లో కడపటి నవాబు గులాం గౌసుఖాను సంతు లేక మరణించుటతో నవాబను బిరుదమే పోయెను. అందుచేత రెండువందల యేండ్ల క్రిందట ఆర్కాటులో నవాబునకు వంటశాల యెక్కడిది? అప్పటికి ఆయన విందులు సముద్రపు టొడ్డున జరుగుచుండెను.

అయినను కథను పూర్తిగా త్రోసివేయుటకు నాకు మనస్సొప్పదు. దర్బారు తరలిపోయినపుడు వంటవారందఱును మూటముల్లె సర్దుకొని వెంట పోయిరని యెందుకు భావింపవలెను? ఇండ్లును పొలములును గలవారు కొందఱైనను ఆర్కాటులోనే నిలిచి, కోవాను నేతిని పట్టిన చేతులతోనే పెండ్లిండ్లకును పండుగలకును వండి బ్రదికియుందురు. వేలూరు కోటలో సైతము 1799 తరువాత టిప్పు సుల్తాను కుటుంబము బందీగా నుండెను. 1806 జూలై 10వ తేదీ నాటి సిపాయీల తిరుగుబాటు పిమ్మట ఆ రాకుమారులను కలకత్తాకు పంపివేసిరి. ఒకే సీమలో రెండు రాజకుటుంబముల వంటశాలలు చల్లారినవి. ఆ పొయ్యి ఆఱిన తరువాతనే అంగడి పొయ్యి రగిలియుండునని నా ఊహ.

ఈ ఊహకు పేడాలోని వస్తువులే బలము నిచ్చుచున్నవి. వంటసోడా పంతొమ్మిదవ శతాబ్దమున ఐరోపా కర్మాగారములు లోకమునకు పంచిన వస్తువు. అది లేని పేడాకు నేటి గుల్లదనము రాదు, పెరుగొక్కటి అంత పని చేయదు. తెల్ల పంచదార చౌకయగుటయు ఆ శతాబ్దపు సంగతియే: పారీ కంపెనీవారి నెల్లికుప్పము చక్కెర కర్మాగారము 1842 నాటిది. అన్నిటికంటె ముఖ్యమైనది రైలు. దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల రైలు 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి బయలుదేఱి ఆర్కాటు పేర నున్న స్టేషనుకే వచ్చినది. ఆ స్టేషనే నేటి వాలాజా రోడ్డు. నవాబు బిరుదము పోయిన మఱుసటి యేడే రైలు వచ్చుట విధి చమత్కారము. అతిథి లేని ఊరికి ప్రయాణికుడు దొఱికెను. మిఠాయి చేయువానికి కావలసినది అంతే కదా! ఆ తరువాత 1937లో డాల్డా డబ్బాలు బజారున దిగి, నేతి ఖర్చు భరింపలేనివారికిని మూకుడు పెట్టు ధైర్యమును ప్రసాదించినవి. రుచి మాత్రము తగ్గెను.

పూర్వమున కింకను వెనుకకు పోదలచినవారికి వేఱొక దారి కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున క్షీరప్రకారమను భక్ష్యము వర్ణితము: పాలు విఱుగగొట్టి, ఆ విఱుగునకు బియ్యపుపిండి చేర్చి, ఉండలుగ నేతిలో వేయించి, పాకమున వేయుట. బాగ్దాదున 1226లో కూర్చబడిన వంటల గ్రంథమున తేనెపాకములో తడియు పిండియుండలు కలవు. ఒకటి మనది, ఒకటి అరబ్బులది. దక్కనులో ఈ రెండును కలిసిన చోటనే మక్కన్ పేడా వంశవృక్షపు వేళ్లున్నవనుకొనవచ్చును. పూర్ణమును దాచి మూయు పద్ధతి మాత్రము పూర్ణపుబూరెలు చేయు ఇల్లాండ్రకు నేర్పవలసినది కాదు.

పుట్టుక స్పష్టముగ తెలిసిన మిఠాయి ఎట్లుండునో చూడదలచినచో హంగరీ దేశమునకు పోవలెను. యోజెఫ్ దోబోష్ అను వంటవాడు వెన్న కలిపిన చాకొలెట్టు పూతను పలుచని కేకు పొరల నడుమ పూసి, పైన మాడ్చిన చక్కెరను పలకగ పరచి, 1885లో బుడాపెస్టు ప్రదర్శనమున నుంచెను. 1906లో ఆ విధానమును మిఠాయివారి సంఘమునకు దానము చేసెను. అక్కడ కర్త పేరు, సంవత్సరము, కొలత అన్నియు కాగితముపై నున్నవి. ఇచ్చట కర్త స్థానమున నవాబును కూర్చుండబెట్టితిమి, అసలు చేసినవాని పేరు మఱచితిమి.

2019లో ఏర్పడిన రాణిపేట జిల్లాలో నేడు ఆర్కాటు చేరినది. వేలూరు, గుడియాత్తము, ఆర్కాటు ప్రాంతముల తెలుగు, తమిళ, ఉర్దూ కుటుంబములలో ముత్తాతల నాటి పెండ్లి ఖర్చుల పుస్తకము లింకను అటకలపై నుండుట సహజము. అందు మిఠాయివాని పేర, నేతి మణుగుల పేర, కోవా పేర వ్రాసిన పద్దు ఒక్కటి కనబడినను దానిని చెదలకు వదలక, చేతివ్రాత చదువగల వారికి చూపి, తేదీతో సహా నకలు తీయించి ఉంచుడు.