మధ్యాహ్నం పూట మూగబోయిన సముద్రం

1930లలో అమెరికా నౌకాదళానికి ఒక విచిత్రమైన సమస్య ఎదురైంది. ఈ ఎపిసోడ్‌లో దాని గురించి చెప్పుకుందాం. సముద్రం పైపొర ఒక్క రోజులోనే ఎంత మారిపోతుందో లెక్కలోకి తీసుకోక తప్పని పరిస్థితి ఈ సమస్యతోనే వచ్చిందని నేననుకుంటాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు ఎంత నష్టం చేశాయో మనకి తెలుసు. నీళ్ళ కింద ఉన్నది కంటికి కనబడదు, రేడియో తరంగాలు ఉప్పునీటిలో దూరం పోవు. ఇక మిగిలింది శబ్దమే. నీటిలోకి శబ్దాన్ని పంపి, తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనిని వినాలి. తర్వాత్తర్వాత దీనికే సోనార్ అని పేరొచ్చింది.

అమెరికా వాళ్ళు సెమ్స్ అనే డిస్ట్రాయర్ నౌక మీద ఈ పరికరాన్ని పరీక్షిస్తున్నారు. చోటు క్యూబాలోని గ్వాంటనామో బే. పొద్దున్నే చక్కగా పనిచేసేది. మధ్యాహ్నమయ్యేసరికి ప్రతిధ్వని బలహీనపడేది, ఒక్కోసారి అసలు వినబడేదే కాదు. పరికరంలో లోపమేమీ దొరకలేదు. దాంతో అనుమానం మనుషుల మీదకు మళ్ళింది. భోజనం చేసొచ్చి ఆపరేటర్లు కునికిపాట్లు పడుతున్నారేమో అనుకున్నారు!

1936లో నౌకాదళం వాళ్ళు ఉడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థను సంప్రదించారు. అక్కడి శాస్త్రవేత్త కొలంబస్ ఇసెలిన్ దీన్ని పట్టించుకున్నాడు. 1937లో ఆ సంస్థ నౌక అట్లాంటిస్, సెమ్స్ కలిసి గ్వాంటనామో దగ్గర పనిచేశాయి. ఒక పక్క శబ్దం, ఇంకో పక్క నీటి ఉష్ణోగ్రత కొలుస్తూ పోయారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. మధ్యాహ్నానికి పైన 5 నుంచి 10 మీటర్ల నీరు 1, 2 డిగ్రీలు వేడెక్కుతోంది. అంతే!

ఇంత చిన్న తేడాకే అంత గొడవా అంటే, అవును. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే ఆ వేగం దాదాపు 3 మీటర్లు పెరుగుతుంది. ఎడ్లబండి ఒక చక్రం గట్టినేల మీద, రెండోది బురదలో ఉంటే బండి ఎటు తిరుగుతుంది? బురద వైపే కదా. శబ్దం కూడా అంతే. పైన వేడినీటిలో వేగం ఎక్కువ, కింద చల్లనీటిలో తక్కువ. కాబట్టి శబ్దం కిందికి వంగిపోతుంది. కొంత దూరం దాటాక నీటి పైభాగానికి శబ్దం చేరదు, అక్కడ ఒక నీడలాంటిది ఏర్పడుతుంది. జలాంతర్గామి ఆ నీడలో ఉంటే ఎంత చెవి రిక్కించినా దొరకదు.

మరి పొద్దున్నే ఎందుకు బాగుండేది? రాత్రి పైనీరు చల్లబడి బరువెక్కుతుంది, కిందికి దిగుతుంది, కింది నీరు పైకొస్తుంది. తెల్లారేసరికి అంతా కలిసి ఒకే ఉష్ణోగ్రతకి వస్తుంది. పగలు ఎండకి పైనీరు తేలికపడి పైనే ఉండిపోతుంది. ఇక్కడ గాలి సంగతి కూడా చూడాలి. గాలి బలంగా వీస్తే ఆ వేడిని కిందికి కలిపేస్తుంది, పొర లోతుగా, పలచటి వేడితో ఉంటుంది. గాలి లేని రోజున వేడంతా పైన కొద్ది మీటర్లలోనే పేరుకుంటుంది. అంటే ఎండ పొరలు కడుతూ ఉంటుంది, గాలి, రాత్రి చలి వాటిని చెరిపేస్తూ ఉంటాయి.

దీన్ని కొలవడానికి పాత పద్ధతి సరిపోలేదు. నౌకని ఆపి, తీగకి థర్మామీటర్లు కట్టి, అక్కడక్కడా కొన్ని లోతుల్లో మాత్రమే చూసేవారు. ఆ కాలంలోనే అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరాన్ని తయారుచేశాడు. నౌక నడుస్తుండగానే దాన్ని నీళ్ళలోకి వదలొచ్చు. మసి పట్టించిన గాజుపలక మీద ఒక సూది, లోతుతో పాటు ఉష్ణోగ్రత ఎలా మారుతోందో గీత గీస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో వేటాడే నౌకలూ దీన్ని వాడాయి, తప్పించుకునే అమెరికన్ జలాంతర్గాములూ వాడాయి. ఒకే గీత ఒకరికి వెతికే దారి, ఇంకొకరికి దాక్కునే చోటు.

ఈ కథకి మన విశాఖపట్నంతో కూడా సంబంధం ఉంది. యుద్ధకాలంలో కాలిఫోర్నియాలో ఈ కొలతల మీద పనిచేసిన యూజీన్ లాఫాండ్ 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడివారితో కలిసి మన తీరం వెంబడి నీటి ఉష్ణోగ్రతలు, ప్రవాహాలు, కింది చల్లనీరు పైకి రావడం మీద పరిశోధన చేశారు. యుద్ధంలో పుట్టిన విద్య అలా మన తీరానికి చేరింది.

1986లో ప్రైస్, వెల్లర్, పింకెల్ అనే ముగ్గురు ఈ రోజువారీ చక్రాన్ని లెక్కల్లోకి తెచ్చారు. పసిఫిక్‌లో నిట్టనిలువుగా నిలబడే ఫ్లిప్ అనే పరిశోధన వేదిక మీది కొలతలు వాళ్ళకి ఆధారం. వాళ్ళ నమూనా ఇప్పటికీ వాడుకలో ఉంది.

ఇప్పుడు మనకెందుకంటారా? బంగాళాఖాతంలోకి గోదావరి, కృష్ణ, గంగ లాంటి నదుల మంచినీరు వచ్చి పైన తేలికైన పొరగా పరుచుకుంటుంది. దాన్ని కింది నీటితో కలపడం గాలికి కష్టం. ఎండ వేడి పైనే నిలుస్తుంది. తుఫానుకి బలం వచ్చేది ఆ వేడి నుంచే. రోజుకొక్క సగటు చూసి ఊరుకుంటే మధ్యాహ్నపు వేడి మన లెక్కలోకే రాదు. తుఫాను అంచనా మీద తీరంలో ఎంతోమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

గ్వాంటనామోలో ఆ ఆపరేటర్లు నిద్రపోలేదండి. వాళ్ళు విన్నది విన్నట్టే చెప్పారు. ఒకే చోట, ఒకే రోజున పొద్దుటి సముద్రం వేరు, మధ్యాహ్నపు సముద్రం వేరు అని అప్పటికి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, అంతే.