మిలటరీ మాధవారం దారి

మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1916లో బ్రిటన్ చట్టం చేసి మరీ తన కుర్రాళ్లను పటాలంలోకి లాక్కెళ్లింది. మన దేశంలో 1917లో వచ్చిన నిర్బంధ సైనిక సేవ ఇక్కడున్న తెల్లవాళ్లకు మాత్రమే. మనవాళ్లది ఇష్టపూర్వకం. కాగితం మీద మాట అది. పంజాబులో ఊరికింతమంది అని లెక్కగట్టి పట్టుకుపోయారు.

గోదావరి సీమలో కథ తిరగబడింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయి అంటే చిన్నచూపు. తర్వాత ఆయనే దేశం మొత్తానికి సేనాధిపతి అయ్యాడు. కొన్ని జాతులే పోరుకు పనికొస్తాయన్న ‘యుద్ధ జాతుల’ లెక్క బలపడి తెలుగు పటాలాలు పలచబడ్డాయి. ఈస్టిండియా కంపెనీ యుద్ధాల్లో ముందు నిలిచిన సిపాయిల మనవలకు యుద్ధం చేతకాదనడం ఏం న్యాయమో! పంజాబు కుర్రాడు తప్పించుకోజూస్తే, మనవాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

అయినా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవారం ఆగలేదు. గజపతుల కాలంలో ఆరుగొలను కోట కాపలాకు వచ్చి స్థిరపడ్డ సిపాయిల సంతతి తామని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మొదటి యుద్ధానికి తొంభై మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారన్నది ఊరి లెక్క. ‘మిలటరీ మాధవారం’ అన్న పేరు అలా వచ్చిందే. పోయినవాళ్లకు స్మారక స్తూపం కట్టుకున్నారు.

రెండో యుద్ధం నాటికి దొరల అవసరం ముదిరింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. మద్రాసు రెజిమెంటుకు మళ్లీ ప్రాణం పోశారు. భారత సైన్యం పాతిక లక్షలకు పెరిగింది. మనవాళ్లలో ఒక్కరినీ చట్టం తోలలేదు. తోలినవి అరకొర పొలం, నెలనెలా వచ్చే జీతం, సెలవు మీద ఊళ్లో దిగిన అన్న యూనిఫాం. తండ్రి సుబేదారైతే కొడుకు వద్దనడం అంత తేలికా? ఆ ఇళ్లలో ఆనవాయితీయే శాసనం.

ఇప్పటి కుర్రాడికి పరీక్ష వేరు. తెల్లవారుజామున గట్టు మీద పరుగు. 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో దాటితేనే పూర్తి మార్కులు. ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, ఊపిరి బిగిస్తే మరో 5. సైనికుల కొడుకుల్లాంటి కొందరికి కాస్త సడలింపు ఉంది, మిగతావాళ్లు ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గినా ఇంటికే.

కరోనా వల్ల సైనిక నియామక ర్యాలీలు రెండేళ్లు ఆగి చాలామందికి వయసు దాటింది. ఆ మంట చల్లారకముందే 2022 జూన్‌లో అగ్నిపథ్ నియామక పథకం ప్రకటించారు. 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. అంతకు ముందు రాత్రే ఆ ఏటికి వయోపరిమితి 23కు పెంచారు. ఈ పథకంలో నాలుగేళ్ల కొలువు, ఆపైన నూటికి పాతికమందికే కొనసాగింపు. మిగతావాళ్లకు పదకొండు లక్షల పైచిలుకు సేవానిధి ఇచ్చి పంపేస్తారు, పింఛను ఉండదు. మాధవారంలాంటి ఊళ్లను తరాలపాటు నిలబెట్టింది ఆ పింఛనే. దేశభక్తిని తక్కువ చెయ్యను గానీ, రెండో కొడుకును కూడా పంపాలో వద్దో తేల్చేటప్పుడు ఏ ఇల్లయినా ముందు చూసుకునేది ఆ పింఛనునే.